ఇంజన్ రోగానికి సీసం మందు



హుస్సేనీ ఆలం నుంచి ఖిల్వత్ వైపు కొద్ది దూరం నడిస్తే చౌమహల్లా ప్యాలెస్ వస్తుంది. అక్కడ ప్రదర్శనకు ఉంచిన పాత వాహనాలలో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని తయారుచేయించారు. కారు చేతికి అందకముందే 1911లో ఆయన కన్నుమూశారు. చూడవచ్చినవారు వెనుకనున్న సింహాసనం వంటి ఆసనాన్ని చూసి ముగ్ధులవుతారు. ఈ వ్యాసానికి మనకు కావలసింది ముందున్న ఇంజన్. ఏడు లీటర్లకు పైబడిన ఆరు సిలిండర్ల భారీ యంత్రమది. ఈనాడు వీధిలో తిరిగే ఒక లీటరు ఇంజన్ గల చిన్నకారు దాదాపు అంతే శక్తినిస్తుంది.

ఈ తేడా ఎలా వచ్చింది? ఆ తేడాకూ పాతబస్తీ పిల్లల నెత్తురుకూ సంబంధమేమిటి? అదే నేటి విషయం. కొంత రసాయనశాస్త్రం తప్పదు. ఓపిక పట్టండి, ఆ రసాయనం మన ఒంట్లోనూ ఉన్నదే.

పెట్రోల్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ ఆవిరి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. ఎంత ఇరుకుగా నొక్కి ఆపై నిప్పురవ్వ వేస్తే, అదే పెట్రోల్ నుంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. ఎన్ని వంతుల చోటును ఒక వంతుకు కుదించామో చెప్పే అంకెను సంపీడన నిష్పత్తి అంటారు. ఆ రోల్స్ రాయిస్ కాలంలో అది నాలుగుకు అటూ ఇటూ ఉండేది; నేడు పది దాటుతున్నది. నిష్పత్తి పెంచితే లాభమని అప్పటి ఇంజనీర్లకు తెలియక కాదు. పెంచబోతే ఇంజన్ కొట్టుకొనేది. సుత్తితో లోపలి నుంచి బాదుతున్నట్లు టకటకమని శబ్దం వచ్చేది. పట్టించుకోకుండా నడిపితే పిస్టన్‌కు చిల్లు పడేది. మన మెకానిక్కులు నేటికీ 'బండి నాక్ అవుతోంది' అంటారే, అదే ఈ జబ్బు.

అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చినప్పుడు, ఈ చప్పుడుకు ఆయన బ్యాటరీ ఇగ్నిషనే కారణమని చాలామంది నిందించారు. ఆ నింద నుంచి బయటపడాలనే పట్టుదల కూడా తరువాతి పరిశోధనలకు ఊపిరి పోసింది. చివరికి తేలినదేమిటంటే, దోషం రవ్వది కాదు, ఇంధనానిది. రవ్వ దగ్గర పుట్టిన మంట సిలిండర్‌లో ఒక వైపు నుంచి మరో వైపుకు పాకుతుంది. నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఇంజన్‌లో ఇదంతా రెండు మూడు మిల్లీసెకన్లలో ముగియాలి. మనం ఒకసారి కన్ను ఆర్పేలోగా ఇటువంటి మంటలు ఎన్నో పుట్టి ఆరిపోతాయి. మంట ఇంకా చేరని మూలలో మిగిలిన మిశ్రమం పిస్టన్ ఒత్తిడికీ, వెనుక నుంచి వ్యాకోచించి వస్తున్న మండిన వాయువుల ఒత్తిడికీ చిక్కి ఐదారు వందల డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. మంట వచ్చేదాకా అది నిగ్రహించుకుంటే ఇంజన్ సాఫీగా నడుస్తుంది. నిగ్రహించుకోలేక ఆ మూలంతా తనంతట తానే ఒక్కుమ్మడిగా అంటుకుంటే, ఆ అఘాతపు అలలే సుత్తి దెబ్బలు.

మరి ఒక ఇంధనం ఎందుకు నిగ్రహించుకుంటుంది, మరొకటి ఎందుకు నిగ్రహించుకోలేదు?

బడిలో మనం నేర్చుకున్న సమీకరణం ప్రకారం హైడ్రోకార్బన్ ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువూ నీరూ అవుతుంది. ఇది ప్రయాణం మొదలూ చివరా మాత్రమే చెప్పే టికెట్టు వంటిది. నిజంగా జరిగేది ఒక గొలుసు. ముందుగా ఇంధన అణువు నుంచి ఒక హైడ్రోజన్ పరమాణువు ఊడిపోయి, జత లేని ఎలక్ట్రాన్‌తో ఒక ఫ్రీ రాడికల్ మిగులుతుంది. అది వెంటనే ఆక్సిజన్‌ను పట్టుకొని పెరాక్సీ రాడికల్ అవుతుంది. ఇక్కడ ఒక చిత్రం జరుగుతుంది. ఆ అణువు పాములా వంగి, తన కొనన ఉన్న ఆక్సిజన్‌తో తన నడుము దగ్గరి హైడ్రోజన్‌నే అందుకుంటుంది. ఇలా లోపలే చేతులు మారిన అణువు మరొక ఆక్సిజన్‌ను మింగి, చివరికి విరిగినప్పుడు ఒక రాడికల్‌కు బదులు రెండు మూడు రాడికల్స్‌ను వదులుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, లెక్క చేయి దాటిపోతుంది. ఇటువంటి శాఖోపశాఖల గొలుసు చర్యల లెక్కలు తేల్చినందుకే రష్యా శాస్త్రవేత్త సెమెనోవ్, ఇంగ్లండుకు చెందిన హిన్షెల్‌వుడ్ 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అణువు వంగి తన నడుమును తానే అందుకోవాలంటే దాని శరీరం పొడుగ్గా, సరళంగా ఉండాలి. ఏడు కార్బన్లు వరుసగా నిలిచిన నార్మల్ హెప్టేన్ అటువంటిది, ఇట్టే అంటుకుంటుంది. ఐసో ఆక్టేన్ అణువు కురచ, కొమ్మలు ఎక్కువ. దాని 18 హైడ్రోజన్లలో 15 కొమ్మల చివర గట్టిగా అతుక్కొని ఉంటాయి. లాగబోతే సులభంగా రావు. అందుకే అది మంట వచ్చేదాకా ఆగుతుంది. 1926 ప్రాంతంలో గ్రాహం ఎడ్గార్ అనే రసాయనవేత్త మొదటిదానికి సున్నా, రెండవదానికి నూరు మార్కులు వేసి కొలబద్ద తయారుచేశాడు. పెట్రోల్ బంకులో మీరు చూసే 91, 95 అనే ఆక్టేన్ అంకెల పుట్టుక అదే. డీజిల్ ఇంజన్‌లో రవ్వే ఉండదు, తనంతట తాను అంటుకోవడమే అక్కడి ఇంధనం ఉద్యోగం. కాబట్టి పెట్రోల్‌కు దుర్గుణమైనది డీజిల్‌కు సుగుణం. ఆటోల పెట్రోల్‌లో కిరోసిన్ కల్తీ చేస్తే ఇంజన్ ఎందుకు కొట్టుకుంటుందో కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కిరోసిన్‌లో పొడుగు గొలుసుల అణువులు ఎక్కువ.

ఈ గొలుసులో మరొక వింత ఉన్నది. సుమారు 400 నుంచి 550 డిగ్రీల మధ్య, వేడి పెంచినకొద్దీ చర్య చురుకు కావడానికి బదులు మందగిస్తుంది. ఆ వేడిలో పెరాక్సీ రాడికల్ నిలవలేక వెనక్కి విడిపోతుంది. గొలుసు కొమ్మలు వేయడం మానుతుంది. ఇంకా వేడెక్కితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పగిలి మళ్ళీ విజృంభిస్తుంది. జ్వరం ఒక దశలో తగ్గినట్లే తగ్గి తిరగబెట్టడం వంటిదనుకోండి.

ఈ తొలి దశ మంట చాలా చల్లనిది, కంటికి కనబడీ కనబడని లేత నీలి వెలుగు. మావ్ రంగు కనుగొన్న విలియం పెర్కిన్ 1882లో ఈథర్ ఆవిరులలో ఈ వెలుగును గమనించి రాశాడు. ఈథర్ అనగానే నా వంటి పాతతరం వైద్యులకు ముదురు గోధుమరంగు సీసాలు గుర్తుకొస్తాయి. ఈథర్ గాలికీ వెలుతురుకూ గురైతే సీసాలోనే మెల్లగా పెరాక్సైడులు పేరుకుంటాయి, ఒకనాడు పేలవచ్చు. (మన హైదరాబాదు మత్తుమందుల చరిత్రలో పెద్దపీట మాత్రం మంటకు అంటుకోని క్లోరోఫామ్‌దే. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలంతో 1888, 1889లలో ఇక్కడ జరిగిన క్లోరోఫామ్ కమిషన్ల కథ మరొకసారి చెప్పుకుందాం.) సీసాలో నెలలు పట్టే పని ఇంజన్‌లో మిల్లీసెకన్లలో జరుగుతుంది. వంటింట్లో పాత నూనె కనరు వాసన వేయడమూ ఇదే గొలుసు. మన కణాల పొరలలోని కొవ్వు ఆమ్లాలు పాడైపోవడమూ ఇదే గొలుసు. అక్కడ విటమిన్ ఇ తన హైడ్రోజన్‌ను తానే అర్పించి పెరాక్సీ రాడికల్‌ను శాంతపరుస్తుంది, గొలుసు తెగుతుంది. పెట్రోల్ నిలవ ఉండడానికి కంపెనీలు కలిపే ఫినాల్ జాతి రసాయనాలు చేసే పనీ దాదాపు అదే.

అంటే, ఇంజన్ కొట్టుకోకుండా చూడాలంటే ఆ మూలలో పుట్టే రాడికల్స్‌ను ఎవరో పట్టి కట్టేయాలి, లేదా సులభంగా గొలుసు కట్టని అణువులను పెట్రోల్‌లో కలపాలి. దారులు ఇలా ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. తరువాతి చరిత్రను ఈ మాట మనసులో పెట్టుకొని చదవండి.

కెట్టరింగ్ దగ్గర పనిచేసిన థామస్ మిడ్‌గ్లీ 1916 నుంచి ఈ సమస్యపై పడ్డాడు. అయొడిన్ మొదలుకొని ఎన్నో పదార్థాలు పరీక్షించాడు. 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కొన్ని చుక్కలు కలిపితే చప్పుడు ఆగిపోయింది. ఆ వేడికి అది విచ్ఛిన్నమై సీసపు ఆక్సైడ్ సూక్ష్మరేణువులుగా మారుతుంది. గొలుసు నడిపే రాడికల్స్ ఆ రేణువులకు తగిలి నిర్వీర్యమవుతాయి. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్ పట్టణంలో ఇటువంటి పెట్రోల్ అమ్మకం మొదలైంది. పేరులో 'సీసం' మాట రానివ్వకుండా దానిని 'ఈథైల్' అని పిలిచారు.

అయితే అదే మిడ్‌గ్లీ అంతకుముందే మరొక సంగతి కూడా చూపాడు. పెట్రోల్‌లో ఇథైల్ ఆల్కహాల్ కలిపినా ఇంజన్ కొట్టుకోదు. కానీ ఆల్కహాల్ వందకు పది పాళ్ళో అంతకు మించో కలపాలి, అది పెట్రోల్ అమ్మకాన్నే తగ్గిస్తుంది; ఎవరైనా తయారుచేయగలరు కాబట్టి పేటెంటు లాభమూ లేదు. సీసం చెంచాడు చాలు. ఆల్కహాల్‌కు నీటిని పీల్చే గుణం, ధర వంటి నిజమైన ఇబ్బందులు కూడా లేకపోలేదు. అయినా అసలు మొగ్గు లాభం వైపే పడిందని నా అభిప్రాయం.

ఇంకొక చిన్న వివరం ఉన్నది. సీసపు ఆక్సైడ్ స్పార్క్ ప్లగ్గులపై పేరుకొని ఇంజన్‌ను పాడుచేసేది. అందుకని ఇథిలీన్ డైబ్రోమైడ్ వంటి పదార్థాన్ని జోడించారు. దానితో సీసం తేలికగా ఆవిరయ్యే బ్రోమైడ్, క్లోరైడ్ లవణాలుగా మారి పొగగొట్టం గుండా బయటికి పోయేది. ఇంజన్ శుభ్రంగా ఉండేందుకు సీసాన్ని వీధిలోకి పంపాలని బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాటు ఇది. పొరపాటున కారిపోయినది కాదు.

సీసం విషమని అప్పటికి తెలియదా అంటే, బాగా తెలుసు. చిగుళ్ళపై నీలి గీత, కడుపునొప్పి, చేతి మణికట్టు జారిపోవడం పందొమ్మిదవ శతాబ్దపు వైద్య గ్రంథాలలోనే ఉన్నాయి. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో టెట్రాఇథైల్ లెడ్ తగిలిన కార్మికులకు మతి చలించింది. ఐదుగురు మరణించారు, ముప్పైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 1925 మే నెలలో అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ సమావేశం పిలిచారు. హార్వర్డ్‌లో తొలి మహిళా అధ్యాపకురాలైన డాక్టర్ ఆలిస్ హామిల్టన్, యేల్ శరీరధర్మ శాస్త్రవేత్త యాండెల్ హెండర్సన్ ఈ సీసం వీధులలో చేరి జనాన్ని పీడిస్తుందని హెచ్చరించారు. కొద్ది నెలల పరిశీలనతో ముగించిన కమిటీ 1926లో నిషేధానికి తగిన ఆధారాలు లేవన్నది. హాని లేదని నిరూపించే బాధ్యత అమ్మేవాడిది కావలసింది పోయి, హాని ఉన్నదని నిరూపించే బాధ్యత పీల్చేవాడి మీద పడింది. ఆ ఒక్క తలకిందులు వ్యవహారం నాలుగైదు దశాబ్దాలు నడిచింది.

ఇక మన వైపు చూద్దాం. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నిజాంసాగర్ నీటితో పండిన చెరకు అక్కడికి చేరేది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి ఇంజన్లకు పనికివచ్చే పవర్ ఆల్కహాల్ తయారుచేసే కర్మాగారం కూడా బోధన్‌లో నడిచింది. 1948లో భారత ప్రభుత్వం పెట్రోల్‌లో ఆల్కహాల్ మిశ్రమాన్ని క్రమబద్ధం చేస్తూ పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. అంటే సీసం లేకుండా చప్పుడు ఆపగల ద్రవం హుస్సేనీ ఆలంకు రెండు వందల కిలోమీటర్ల లోపే తయారైంది. కానీ ఆ దారి వెడల్పు కాలేదు. రిఫైనరీలు వచ్చాయి, 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ వారిది మొదలైంది. దేశమంతటా ప్రమాణమైనది సీసపు పెట్రోలే.

1990ల ఆరంభందాకా మన దేశంలో లీటరు పెట్రోల్‌లో 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చునన్నది నిబంధన. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. నాతో కలిసి లెక్క కట్టండి. రోజుకు ఐదు లీటర్లు తాగే ఒక ఆటో ట్యాంకులోకి 2.8 గ్రాముల సీసం చేరుతుంది. అందులో నాలుగింట మూడు వంతులు పొగతో బయటపడుతుందనుకుంటే 2.1 గ్రాములు. 18 కిలోల బరువున్న ఐదేళ్ళ బిడ్డ ఒంట్లో రక్తం సుమారు 1.35 లీటర్లు. ఒక డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాముల సీసం ఉంటే ఆందోళన పడాలని 1991లో అమెరికా ఆరోగ్య అధికారులు గీసిన గీత; ఆ గీతను తాకడానికి ఆ బిడ్డ రక్తంలో మొత్తం 135 మైక్రోగ్రాములు చాలు. ఒక్క ఆటో ఒక్క రోజులో వదిలినది పదిహేను వేలమంది పిల్లల రక్తాన్ని ఆ గీత దాకా తేగల మోతాదు. అదంతా రక్తంలోకి వెళ్ళదు, నిజమే. ఎక్కువ భాగం దుమ్ములో కలుస్తుంది. కానీ అప్పుడు రోడ్లమీద ఉన్నది ఒక్క ఆటోనా? ఒక్క రోజా?

హుస్సేనీ ఆలం, దూద్‌బౌలి, మూసాబౌలి గల్లీల సంగతి తెలిసినవారికి మిగిలినది చెప్పనక్కరలేదు. ఇంటి గడప దిగితే వీధి. పొగగొట్టం ఎత్తూ నడక నేర్చిన బిడ్డ ముఖం ఎత్తూ ఇంచుమించు ఒకటే. గాలి తిరగని చోట రేణువులు గోడ వారన, గడప మీద, ఆడుకొనే చేతుల మీద స్థిరపడతాయి. చేయి నోట్లోకి పోతుంది. పెద్దవారి పేగు మింగిన సీసంలో సుమారు పదో వంతు పీల్చుకుంటే, పసివారి పేగు సగం దాకా పీల్చుకోగలదు. ఐరన్ లోపం ఉన్న బిడ్డలో ఇంకా ఎక్కువ. పేగు, నరాల కణం రెండూ సీసాన్ని కాల్షియంగా పొరబడతాయి. పైగా ఈ మోతాదులలో లక్షణాలేవీ కనబడవు. పిల్లవాడికి చదువు ఎక్కడం లేదంటారు, నిలకడ లేదంటారు, ఆకలి లేదంటారు. ఆస్పత్రికి వచ్చినా పాలిపోయిన కళ్ళు చూసి ఐరన్ మందు రాస్తారు.

దీనిని రుజువు చేయడానికి పాలపళ్ళు ఉపయోగపడ్డాయి. 1965లో భూమి వయసు కొలిచిన క్లెయిర్ ప్యాటర్సన్, మన ఒంట్లోని సీసం 'సహజం' కాదని, మనిషి చేసిన కాలుష్యమని చూపాడు. 1979లో పిల్లల వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ ఊడిన పాలపళ్ళలోని సీసాన్ని కొలిచి, అది ఎక్కువున్న పిల్లల తెలివితేటలు, ఏకాగ్రత తక్కువగా ఉన్నాయని ప్రచురించాడు. అమెరికాలో పెట్రోల్ సీసం తగ్గించగా జనాభా సగటు రక్త సీసం 1976–80 నాటి 12.8 మైక్రోగ్రాముల నుంచి 1988–91 నాటికి 2.8కి పడిపోయింది. ఒక మందు మానేస్తే రోగం తగ్గడం ఇంత స్పష్టంగా వైద్య చరిత్రలో అరుదు. అయితే అక్కడ కూడా సీసం తొలగింపుకు తొలి ఒత్తిడి పిల్లల కోసం రాలేదు. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరులోని ప్లాటినంను సీసం పాడుచేస్తుంది, అందుకు!

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసులలో కన్వర్టరు ఉన్న కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోల్ వచ్చింది. ఆ నాలుగింటిలో హైదరాబాదు లేదు. దశలవారీగా ఇతర నగరాలకు విస్తరించి, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసపు పెట్రోల్ ఆగిపోయింది. దానికి కొద్దికాలం ముందు జార్జ్ ఫౌండేషన్ పెద్ద నగరాలలో చేయించిన పరీక్షలలో 12 ఏళ్ళలోపు పిల్లలలో సగానికి పైగా 10 మైక్రోగ్రాముల గీత దాటి ఉన్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో మానింది. ఆ గీత ఇప్పుడు 3.5కి దిగింది, అసలు సురక్షితమైన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

సీసం పోయాక ఆక్టేన్ నిలబెట్టడానికి ఆరోమాటిక్ జాతి హైడ్రోకార్బన్లు పెంచారు. వాటి వెంట ఎముక మజ్జను దెబ్బతీసే బెంజీన్ వస్తుంది, దానిని ఒక శాతానికి కట్టడి చేయవలసి వచ్చింది. 2023 నుంచి బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్ముతున్నారు. 1921కి ముందే మిడ్‌గ్లీ పరీక్షించినది, బోధన్‌లో తయారైనది, నూరేళ్ళు చుట్టుతిరిగి వచ్చింది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ.

ఇక వైద్యుడిగా చివరి మాట. రక్తంలోని సీసం నెల రోజులలో సగమవుతుంది. ఎముకలో చేరినది దశాబ్దాలు ఉంటుంది. 2000కు ముందు పాతబస్తీ వంటి రద్దీ వీధులలో పెరిగిన ఆడపిల్లలు నేడు తల్లులు, కొందరు నలభై, యాభై దాటినవారు. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ, నెలసరి ఆగాక ఎముక కరిగేటప్పుడూ ఆ పాత సీసం తిరిగి రక్తంలోకి రావచ్చు. ఆహారంలో కాల్షియం చాలినంత ఉంటే ఎముక అంతగా కరగదు. కనుక మీ ఇంట గర్భిణి ఉంటే పాలు, పెరుగు, రాగులు, డాక్టరు రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలు మానకుండా తీసుకోమనండి. కారణం తెలియని రక్తహీనత, మానని కడుపునొప్పి ఉన్నవారు మీరు పెరిగిన వీధి పేరు, చేసిన పని డాక్టరుకు చెప్పి, రక్తంలో సీసం పరీక్ష అవసరమా అని అడగండి. పాత బ్యాటరీలు పగలగొట్టే పనివారి ఇళ్ళలో, సుర్మా పెట్టే పసివారిలో ఈ పరీక్ష వెంటనే చేయించాలి. కొన్ని సుర్మాలలో సీసపు సల్ఫైడే ప్రధాన పదార్థం.